పేపర్లు పంచే రోజు

మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికకి ఏదైనా రాయమంటే మనవాళ్లలో చాలామంది ఆటల గురించి, అల్లరి గురించి రాస్తారు, నేను మాత్రం మార్కుల గురించి రాస్తా. ఇప్పుడు నేను కూడా హైస్కూల్లో లెక్కలు చెప్తున్నా కదా, పేపర్లు దిద్దడానికి కూర్చుంటే చాలు మన స్కూలే గుర్తొస్తుంది.

మన టైంలో టెన్త్ 600 మార్కులకి, 360 దాటితే ఫస్ట్ క్లాసు, సబ్జెక్టుకి 35 వస్తే పాసు, హిందీకైతే 20 చాలు. ఆ 20 చాలన్న మాట చెవిన పడ్డాక హిందీ పుస్తకం సగం పైన తెరిచినవాళ్లు మన బ్యాచ్‌లో ఎంతమంది చెప్పండి? రూలు ఎక్కడ గీత గీస్తే పిల్లలు అక్కడిదాకే చదువుతారు, ఇది నేను ఇప్పటికీ క్లాసులో చూస్తున్నా.

పేపర్లు పంచే రోజైతే ఇంకా ఘోరం. ఎక్కువ మార్కుల నుంచి తక్కువకి వరసగా పేర్లు పిలిచేవాళ్లు, కట్ట పల్చబడే కొద్దీ చివరి బెంచీవాళ్లు పిలవకముందే లేచి నిలబడేవాళ్లు, గుర్తుందా? నా పక్కన కూర్చునేవాడు బజారు లెక్కలు నాకంటే స్పీడుగా నోటితో చెప్పేసేవాడు, కానీ వాడి పేపరు ఎప్పుడూ కట్ట అడుగునే. హాఫ్ ఇయర్లీ వచ్చేసరికి పేపరు విప్పి చూడడం కూడా మానేశాడు.

తొమ్మిదిలో వచ్చిన లెక్కల మాస్టారు దీన్ని మార్చేశారు. మార్కులు తన రిజిస్టర్‌లోనే ఉంచుకుని, పేపరు మీద ఎర్ర పెన్నుతో "ఇక్కడిదాకా కరెక్టే, అవతలికి తీసుకెళ్లినప్పుడు మైనస్ మర్చిపోయావు" అని రాసేవారు, సరిచేసి తెచ్చాకే ఎన్ని వచ్చాయో చెప్పేవారు. మావాడు మొదటిసారి పేపరు మొత్తం చదివింది అప్పుడే, మళ్లీ చేసి తీసుకెళ్లాడు కూడా. తర్వాత ఎప్పుడో చదివాను, 1988లో రూత్ బట్లర్ అనే ఆవిడ ఇజ్రాయెల్ పిల్లల మీద చేసిన పరిశోధనలో ఇదే తేలిందట: మార్కు లేకుండా వ్యాఖ్య మాత్రమే ఇచ్చిన పిల్లలు మెరుగయ్యారు, మార్కు, వ్యాఖ్య రెండూ ఇస్తే ఆ లాభం కనపడలేదు. మన మాస్టారు అవేవీ చదివి చేసింది కాదు, పిల్లల్ని చూసి చేశారు.

2012లో టెన్త్‌కి గ్రేడ్లు వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషపడ్డా. 95 వచ్చినా 100 వచ్చినా ఏ1, ఆ ఒక్క మార్కు ఏడుపు తప్పుతుందని. పైవాళ్లకి కొంత తప్పింది కూడా, కానీ ఊళ్లో ఫ్లెక్సీల మీద ర్యాంకుల బదులు 10/10 గ్రేడ్ పాయింట్లు వచ్చి కూర్చున్నాయి, 33కీ 35కీ మధ్య గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆంధ్రాలో 2022లో మళ్లీ మార్కులే వచ్చాయి, తెలంగాణ కూడా 2025 మెమోల్లో మార్కులు వేసింది. పైన లెక్క ఎన్నిసార్లు మారినా, ఎక్కడ తప్పు పోయిందో పిల్లాడికి చెప్పే మనిషి లేకపోతే అడుగున ఉన్నవాడు అడుగునే ఉంటాడు, ఇన్నేళ్లుగా పాఠాలు చెప్తూ నేను చూసింది ఇదే.

అందుకే సంఘాన్ని ఒకటి అడుగుతున్నా. ఏటా టెన్త్ టాపర్లకి మనం ఇచ్చే నగదు బహుమతి ఉంచండి, దాంతో పాటు ఎస్ఏ1 (ఏడాది మధ్యలో పెట్టే పరీక్ష) నుంచి పబ్లిక్‌కి బాగా పైకొచ్చిన పిల్లలకి కూడా అంతే ఇద్దాం, పాస్ మార్కుల దగ్గర ఆగినా సరే. ఎవరెంత పెరిగారో లిస్టు నేను తీస్తా, హెడ్మాస్టారుతో మాట్లాడడానికి మీలో ఎవరొస్తారో గ్రూపులో చెప్పండి.