ఎలా ఆగింది?

"జవాబు ఆయనే నీకు చెప్పాడు. నువ్వు ఎస్, ఎస్ అని తలూపావు."

మా ఫోర్‌మన్ ఈ మాట బోటు ఓనరు ముందే అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. రిపేరు వివరాలు రాసుకునే జాబ్ కార్డు చేతిలో పట్టుకుని, అందులో రాసి ఉన్నది చదువుతున్నట్టు అన్నాడు. వారం దాటింది. రాత్రి పడుకుంటే ఇంకా ఆ రెండు ముక్కలే చెవిలో తిరుగుతున్నాయి.

ఇంజన్లతో నాది పదిహేడేళ్ల సావాసం. ట్రాక్టర్లు, నీళ్ల పంపుల డీజిల్ ఇంజన్లు, మోటార్‌సైకిళ్లు ఎన్నో విప్పి బిగించిన చేతులివి. ఈ దేశం వచ్చి, బోట్లు కట్టేసుకునే మెరీనాలో చేరి మూడేళ్లయింది. బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్ నీళ్లలో ఉంటుందన్న మాటే గానీ, దాని కడుపులో ఉండేది నాకు కొత్త కాదు. అందుకే ఆ మాట అంతగా తగిలింది.

జరిగింది చెప్తాను. ఇరవై అడుగుల బోటు, 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్. ఓనరు వచ్చి గబగబా చెప్పుకుపోయాడు. నాకు అందినంత వరకు, బయల్దేరినప్పుడు బాగానే ఉంది, స్పీడు మీద ఉండగా దగ్గి దగ్గి ఆగిపోయింది. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది, కాస్త దూరం పోయి మళ్లీ అలాగే ఆగింది. ఇంకా పెట్రోలు పోయించుకున్నప్పటి సంగతేదో చెప్పాడు. ఆ ముక్క నాకు సగమే అర్థమైంది. మళ్లీ అడగలేదు.

వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే స్టార్టవుతోంది, కాబట్టి ఫ్యూయల్ పంపు వేడికి చేతులెత్తేస్తోందని అనుకున్నాను. ఫిల్టర్‌లో ఉన్న పెట్రోలు గాజు సీసాలోకి వంచి చూశాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీలుస్తుంది. తేమ మితిమీరితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి, సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తాయి. ఇందులో అలాంటిదేమీ లేదు. పంపు మార్చేశాను. నీళ్ల పైపు తగిలించి అరగంట ఐడిల్‌లో నడిపాను. ఎక్కడా తడబడలేదు. బోటు అప్పగించేశాం.

ఆ శనివారమే ఆయన పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తే నడినీళ్లలో ఆగిపోయింది. వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. నేను వెళ్లేసరికి పిల్లలిద్దరూ లైఫ్ జాకెట్లు విప్పకుండానే జెట్టీ చెక్కల మీద కూర్చుని ఉన్నారు. చిన్నది ఆ జాకెట్ బకిల్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. గట్టుకొచ్చాక కూడా వదల్లేదు. ఫోర్‌మన్ మాట కన్నా ముందు నాకు తగిలింది అది.

ఫోర్‌మన్ ఇంజన్ మూత తియ్యలేదు. ఓనరుతో పాటు నన్నూ నిలబెట్టి మొదటి నుంచి అడిగాడు. ఎలా ఆగింది? తాళం తిప్పి ఆపినట్టు ఠక్కున ఆగిందా, దగ్గి ఆగిందా? ఆగేముందు అలారం మోగిందా? ఇంజన్ వెనక నుంచి పడే నీళ్ల ధార పడుతోందా, సన్నబడిందా? ఇంజన్ అరుస్తూ బోటు కదలకుండా ఉందా? ఒక్కో జవాబు కార్డు మీద రాసుకున్నాడు. చివరగా, కిందటిసారి పెట్రోలు ఎప్పుడు పోయించారని అడిగాడు. ఓనరు నా వైపు చూసి, ఇతనికి చెప్పానే అన్నాడు. నాజిల్ పెట్టిన ప్రతిసారీ టక్కుమని కట్టయిపోయిందట, పెట్రోలు పైకి చిమ్మిందట, ట్యాంకు నిండటానికి అరగంట పట్టిందట. అప్పుడన్నాడు ఫోర్‌మన్ ఆ మాట.

తర్వాత మేమిద్దరమే బోటు తీసుకుని వెళ్లాం. థ్రాటిల్ ముందుకు తోసి అలాగే పట్టుకోమన్నాడు. పావుగంట కూడా కాలేదు, దగ్గు మొదలైంది, రెండు ఊపులు ఊగి ఆగింది. ఆగగానే ఆయన ముందు లంగరు వేశాడు. బోటు కొట్టుకుపోతుంటే ఇంజన్ చూడకూడదట. లంగరు పట్టాక పెట్రోలు పైపు మధ్యలో ఉండే ప్రైమర్ బల్బు పట్టుకోమన్నాడు. రబ్బరు బల్బు, నొక్కితే గట్టిగా తగలాలి. నా చేతికి అది లోపలికి పీల్చుకుపోయి, ఎండిన నిమ్మకాయలా సొట్టలు పడి తగిలింది. ట్యాంకు మూత తిప్పాడు. స్ స్ స్ మని గాలి లోపలికి లాగేసుకుంది. ఆ చప్పుడు వింటూనే నాకు మొత్తం అర్థమైపోయింది. బల్బు నా చేతిలోనే మెల్లగా ఉబ్బింది. మూత వదులుగా పెట్టి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. తిరిగి వచ్చేవరకూ ఆగలేదు.

ట్యాంకులోకి గాలి ఆడే వెంటు మూసుకుపోయింది, అంతే. బోటు పక్కన, అంచుకి కాస్త కింద ఉండే వేలెడు గొట్టం అది. జల్లెడ ఊడిపోయి ఉంది, లోపల కందిరీగ మట్టితో గూడు కట్టుకుంది. తీగతో పొడిస్తే మట్టి బిళ్లలు రాలాయి.

పెట్రోలు బయటికి పోయినంత గాలి ట్యాంకు లోపలికి రావాలి. రాకపోతే లోపల పీడనం పడిపోతుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. ఐడిల్‌లో ఆ ఇంజన్ గంటకు ఒకటి రెండు లీటర్లు తాగితే ఎక్కువ. ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 55 లీటర్ల దాకా, అంటే నిమిషానికి దాదాపు లీటరు. అందుకే ఒడ్డున నేను అరగంట నడిపినా తేడా కనబడలేదు. మట్టి సందుల్లోంచి ఆ కాస్త గాలి వస్తూనే ఉంది. ఆగిన పది నిమిషాల్లో ఆ సందుల్లోంచే గాలి లోపలికి చేరి మళ్లీ స్టార్టయ్యేది. చల్లారడానికీ దీనికీ సంబంధమే లేదు. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, పీడనం ఇంకా తొందరగా పడుతుంది. అందుకే నిండుగా పోయించుకున్న శనివారం ముందుకన్నా తొందరగా ఆగింది. నాజిల్ కట్టవడం కూడా అందుకే, లోపలి గాలికి బయటికి దారి లేక. ఓనరు నోట రోగం పేరు ఒక్కటే రాలేదు, మిగతా అన్నీ వచ్చాయి.

ఆ రాత్రి నాకు పని నేర్పిన అన్నకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు. "మూత తీసి చూడలేదా రా?" మోటార్‌సైకిల్ ట్యాంకు మూతలో చిల్లు మూసుకుపోతే బండి ఇలాగే ఆగుతుంది. ఆ సంగతి నాకు ఆయనే నేర్పాడు, నేను ఇంకెందరికో నేర్పాను. "తెలుసన్నా" అన్నాను. "తెలిస్తే మరి?" అన్నాడు. ఏం చెప్పను?

ఆయన దగ్గర పనిచేసిన అన్నేళ్లలో ఒక్కసారి కూడా బయటివాళ్ల ముందు నన్ను మాట అనలేదు. తప్పు చేస్తే షట్టర్ దించాక చెప్పేవాడు. ఇక్కడి మనిషికి అదేమీ పట్టదు. తప్పు ఎవరి ముందు బయటపడితే వాళ్ల ముందే చెప్పేస్తాడు, మరుక్షణం మర్చిపోయి టీ తాగుదామా అంటాడు. నేను మర్చిపోలేకపోతున్నాను. అలా అనడం తప్పనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పని చేసేవాడికి మర్యాద కూడా ఒక పనిముట్టే.

కానీ ఆయనకి తెలియనిది ఒకటుంది. నేను ఎస్ అన్నది అర్థమై కాదు, నిర్లక్ష్యంతోనూ కాదు. మళ్లీ చెప్పండి అని అడగడానికి జంకు. మూడేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, అన్న ప్రతిసారీ ఎదుటివాళ్లు మాట నెమ్మదించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తారు. పదిహేడేళ్ల పని ఆ నిమిషంలో సున్నా అయిపోయినట్టుంటుంది. అందుకని చెవులు మూసుకుని చేతులతో మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. స్పానర్ పట్టుకుంటే నాకు ఏ భాషా అక్కర్లేదు. పైగా నేర్చుకున్నచోట కూడా ఎక్కువ అడిగే మెకానిక్‌ని పని రానివాడి కిందే చూసేవారు. ఇంజన్ చప్పుడు విని చెప్పగలిగినవాడే మొనగాడు. ఆ పిల్ల బకిల్ పట్టుకున్న తీరు గుర్తొస్తే మాత్రం ఈ కారణాలేవీ నిలబడటం లేదు.

నిన్న ఒక పెద్దావిడ వచ్చింది. బోటు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. ఎలా ఆగిందని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు సరిగా అందలేదు. ఈసారి తలూపలేదు. "చప్పుడు చేసి చూపించండమ్మా" అని, నా భాషలో కొంత, సైగలతో కొంత అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి పెదాలు బిగించి ర్ర్ర్ర్ మని మొదలుపెట్టి, ఉన్నట్టుండి నోరు మూసేసింది. మళ్లీ చేయమన్నాను. మళ్లీ అంతే. దగ్గు లేదు, తడబాటు లేదు.

కార్డు మొదటి వరుసలో తెలుగులోనే రాశాను: ర్ర్ర్ర్, టక్. ఫోర్‌మన్ తీసుకుని చూశాడు, చదవలేక నా వైపు చూశాడు. నోటితో వినిపించాను. ఆయన ఇంకేమీ అడగలేదు, వెళ్లి కరెంటు చూసే మీటరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇంజన్ ఆన్ చేసి నడిపేవాళ్లు పడిపోతే ఇంజన్‌ని ఆపేసే కిల్ స్విచ్ తాడు క్లిప్‌ని చిటికెన వేలితో కదిపాను. ఇంజన్ ఠక్కున ఆగింది. స్విచ్ విప్పితే కాంటాక్టుల మీద ఉప్పు పట్టి పచ్చగా చిలుం కట్టి ఉంది.