వెదురాకు మడతలో

భాద్రపదం మొదట్లో, గుంటూరులో మా డాబా మీద కుండీలో పెంచుతున్న పసుపు వెదురు ఆకులు ఒక్కొక్కటే గొట్టాల్లా చుట్టుకుపోసాగాయి. ఒక మడత విప్పి చూశాను. సన్నని పట్టుదారాలతో అతికించుకున్న ఆ గూటిలో పాలిపోయిన పచ్చరంగు పురుగొకటి ఆకులోని పచ్చదనాన్ని గీరి తింటూ కనిపించింది. వరి చేల మధ్య పెరిగినవాణ్ణి కనుక నాకు వెంటనే వరి ఆకుముడత గుర్తుకు వచ్చింది. ఆ పోలిక ఉత్తది కాదు. వరి ఆకుముడత పురుగూ, వెదురు ఆకును చుట్టే పురుగూ క్రాంబిడే అనే ఒకే కుటుంబానికి చెందిన రెక్కల పురుగుల సంతానం. వరి, మొక్కజొన్న, వెదురు మూడూ గడ్డిజాతి మొక్కలే.

కుండీలో చూసినదాన్ని అడవిలో చూడాలనిపించింది. తెనాలి పక్క పల్లెలో వ్యవసాయం చేసే మా బావకు ఫోన్ చేసి విషయం చెబితే, ఆదివారం పొద్దున్నే గుంటూరు బస్టాండుకు వచ్చేశాడు. మంగళగిరి, తాడేపల్లి దాటి వారధి మీదికి చేరేసరికి కృష్ణ నిండుగా, ఎర్రగా పారుతోంది.

విజయవాడలో దిగాక, మూలపాడు బస్సుకు ఇంకా సమయం ఉండటంతో, కాలువ గట్టున తడికలు, నిచ్చెనలు అమ్మే ఒక పెద్దాయన దగ్గర ఆగాము. ఆయనది తరతరాలుగా మేదర పనిచేసే కుటుంబం. సంచిలో పెట్టుకు వెళ్ళిన చుట్టుకుపోయిన ఆకును చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వానాకాలంలో ఇది మామూలేనయ్యా. ఆకు పోతే మళ్ళీ వస్తుంది. బొంగుకు పుచ్చు పడితేనే మా కడుపు కొట్టినట్టు" అన్నాడు. నరికిన వెదురును కొన్ని వారాలపాటు నీళ్ళలో నానబెడితే అందులోని పిండిపదార్థం తగ్గి పుచ్చు పురుగు అంత తొందరగా పట్టదు. ఈ పద్ధతిని ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడట. ఆకు పురుగు ఆయనకు శత్రువు కాదు, పాత పరిచయస్థుడు. ఆ రోజు నేను విన్న మాటల్లో నా మనసులో నిలిచిపోయినది ఆయన అన్న "మామూలే" అనే మాట.

గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటి మూలపాడులో దిగి, కొండపల్లి అడవి అంచున నడిచాము. మెట్ట అడవుల్లో పెరిగే సాధనపు వెదురు అక్కడక్కడ గుబుర్లుగా ఉంది. చుట్టుకున్న ఆకులు నిజంగానే కనిపించాయి, అయితే గుబురుకు పదో పదిహేనో, అంతే. కొన్ని మడతలు చిరిగి ఖాళీగా ఉన్నాయి. పిట్టలో కందిరీగలో ముందే వచ్చి వెళ్ళి ఉంటాయి. ఇక్కడ తినేదీ ఉంది, దాన్ని తినేవీ ఉన్నాయి.

వెదురు నీడన కూర్చుని, నేను చదివిన మరో వెదురు పురుగు కథ బావకు చెప్పాను. దాని పేరు ఆర్టోనా మార్టిని. చైనా, జపాన్ వైపు పుట్టిల్లు. నల్లటి చిన్న రెక్కల పురుగు, పగలే ఎగురుతుంది. దాని పిల్లలు ఆకు అడుగున వరుసగా చేరి, భుజం భుజం కలిపినట్టు, పైపొర మాత్రం మిగిల్చి తింటాయి. వాటి నూగు చర్మానికి తగిలితే మంటా దద్దుర్లూ వస్తాయి. ఆ పురుగు 1996లో న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతంలోని వాంగరేలో బయటపడింది, తరువాత ఇటలీలోనూ కనిపించింది. న్యూజిలాండ్‌లో సహజంగా పుట్టిన వెదురు ఒక్క రకమూ లేదు. మనుషులు ముందు వెదురును సముద్రం దాటించారు, తరువాత దాన్ని తినే పురుగు దాటింది.

బావ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా కత్తెర పురుగు కూడా అంతే కదా బావా" అన్నాడు. నిజమే. అమెరికా ఖండాల పురుగు అది. 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలో కనిపించి, కొన్ని నెలల్లోనే మన మొక్కజొన్న చేలకు చేరింది. 2019లో చైనాను, 2020లో ఆస్ట్రేలియాను కూడా తాకింది. రెక్కల పురుగు గాలివాటు దొరికితే ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగలదు. వరి కోశాక దుక్కి లేకుండా వేసిన మొక్కజొన్నలో, సుడిలోపల రంపపు పొట్టులాంటి రెట్ట చూసి బావ మొదట కాండం తొలిచే పురుగే అనుకున్నాడట. తల మీద తిరగేసిన 'వై' గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లమచ్చలు చూశాకే అది కొత్తదని తెలిసింది. ఇసుకలో సున్నం కలిపి సుడుల్లో వేశారు, మందులు కొట్టారు. "పాత పురుగైతే మా నాయనకు తెలిసేది. దీని సంగతి చెప్పేవాడే లేడు" అన్నప్పుడు అతని గొంతులో ఉన్న బాధకు నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం గుంటూరు చేరాక, మా కుండీని తక్కిన మొక్కలకు దూరంగా జరిపాను. ఆ మొక్కను ఊరి చివర ఒక నర్సరీలో, ఆకు అడుగు ఒక్కసారి కూడా తిప్పి చూడకుండా కొన్నాను. టార్చి వెలుగులో మడతలన్నీ కత్తిరించి, సబ్బునీళ్ళ బకెట్లో వేస్తూ వచ్చాను. చివరి మూడింటిలో పురుగులు లేవు. పురుగు రెక్కల పురుగుగా మారే ముందు ఉండే గోధుమరంగు ప్యూపా తొడుగులు మాత్రమే, ఒక చివర చీలి, ఉన్నాయి.