తరంగంబాడి న్యూ జెరూసలేం గుడిలో మా కృతజ్ఞతార్పణ

దేవుడు మా ప్రార్థన విన్నాడు. అందుకే కృతజ్ఞత కానుక తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో లూథరన్ (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల) గుడిలో వెయ్యాలని బయల్దేరాం. మయిలాడుదురైలో రైలు దిగితే బస్సులో ముప్పై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన డేనిష్ (డెన్మార్క్) వాళ్ళ నాటి ఊరి వాకిలి దాటగానే కింగ్స్ స్ట్రీట్, ఆ వీధిలోనే గుడి.

జర్మన్ మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ ఇక్కడ ఓడ దిగింది 1706 జూలై 9న. 1707లో కట్టిన తొలి గుడిని తర్వాత సముద్రం మింగేసింది. ఈ గుడికి 1717లో పునాది వేసి, 1718 అక్టోబరు 11న ప్రతిష్ఠించారు. గుడి ముందు నిలబడి తలెత్తితే కిరీటంతో డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ ముద్ర కనబడుతుంది.

కట్టడం సిలువ ఆకారం. నాలుగు చేతులూ కలిసే చోట పుల్పిట్ (ప్రసంగ వేదిక) పెట్టారు. ఎటు కూర్చున్నా ప్రసంగించే అయ్యగారు కనబడాలి, మైకు లేకుండా మాట వినబడాలి. లూథరన్ ఆరాధనలో వాక్యానికి ఎంత పెద్దపీటో ఈ ఒక్క ఏర్పాటు చెబుతుంది.

బలిపీఠం దగ్గరే జీగెన్‌బాల్గ్ సమాధి. గుడి ప్రతిష్ఠ జరిగిన నాలుగు నెలలకే, 1719 ఫిబ్రవరి 23న, 36 ఏళ్ళకే ఆయన ప్రభువు నందు నిద్రించాడు. అక్కడ మోకరిద్దామంటే సెల్ఫీల గుంపు కదలదు! ఆరాధన స్థలమన్న ధ్యాసే లేదు. గుడి చూసుకునే పెద్దాయనకు తెలుగు రాదు, మాకు తమిళం రాదు. అయినా మా ముఖాలు చూసి గ్రహించి, అందర్నీ పక్కకు పంపి, చాప తెచ్చి పరిచాడు. ఆ కాసేపు ప్రార్థన కోసమే ఇంత దూరం వచ్చామనిపించింది.

జీగెన్‌బాల్గ్ పోయిన ఆ 1719లోనే ఇక్కడికి వచ్చిన మరో మిషనరీ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. గుంటూరు లూథరన్లమైన మాకు ఈ గుడి పరాయిది కాదు.

2004 సునామీకి దెబ్బతిన్న గుడిని బాగుచేసి 2006లో తిరిగి ప్రతిష్ఠించారు. సముద్రపు ఒడ్డు పాత గోడలకు సున్నమే వెయ్యాలి. సిమెంటు పూస్తే తేమ బయటికి పోదు, లోపల ఉప్పు గడ్డకట్టి పూత పెచ్చులూడుతుంది.

వెళ్ళేవాళ్ళు ఆదివారం ఆరాధనకు వెళ్ళండి, ప్రసంగం తమిళంలో ఉంటుంది. అక్కడే 1701 నాటి సీయోను గుడి కూడా ఉంది, చూడకుండా రావద్దు.