కాళంగి ఒడ్డున కూసిన గాలిపటం

మన క్లాసు లీడర్ ఫోను చేసినప్పుడు ఇక్కడ అమెరికాలో తెల్లవారుజామున నాలుగు గంటలు. వాడి గొంతు ఏమీ మారలేదు. "మన బడి పాత విద్యార్థుల సంచికకి రెండు పేజీలు, ఒక ఫోటో, నెలాఖరులోగా పంపాలి" అన్నాడు. ఏం రాయమంటావురా అని అడిగితే, "సారు గాలిపటం తప్ప నీకింకేం తెలుసు, అదే రాయి" అన్నాడు. నిజమే. ఇంకుబుడ్డి కథ సోడాబుడ్డి రాస్తాడు. గంట తాత గురించి బి సెక్షన్ వాళ్లు రాస్తారు. నా వంతుకి గాలిపటమే మిగిలింది, నాకు కావలసిందీ అదే.

1979 ఆగస్టు 10, శుక్రవారం. పొద్దున్నే శ్రీహరికోట వైపు ఆకాశంలో తెల్లటి గీత లేచింది. మనమందరం వేపచెట్టు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాం. ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు సముద్రంలో పడిపోయిందని తర్వాత తెలిసింది. రెండో రోజు క్లాసులో ఎవరికీ పాఠం మీద మనసు లేదు. సోడాబుడ్డే లేచి అడిగాడు: "సార్, అది సముద్రంలో మునిగిపోయింది కదా, మరి ఎక్కడ తప్పు జరిగిందో వీళ్లకెట్లా తెలుస్తుంది?"

సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "పడేలోపల అంతా చెప్పేసింది అబ్బయ్యా" అన్నారు.

ఆ మాట దగ్గర ఆ గంట ఆగిపోయింది. రాకెట్టుకి ఒళ్లంతా జ్వరమానులు కట్టి పంపినా, పైన వాటిని చదివే మనిషి ఉండడు. అందుకని ఒక్కో కొలతనీ విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తుని రేడియో మీద ఎక్కించి కిందికి పంపుతారు. రాకెట్టు పోయినా అది చెప్పిన మాట పోదు. దీన్ని టెలిమెట్రీ అంటారని బోర్డు మీద రాశారు. రెండో దశను అదుపులో పెట్టే వ్యవస్థలో ఆమ్లం కారిపోయిందని, 317 సెకన్లకు రాకెట్టు సముద్రంలో పడిందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదువుతున్నంతసేపూ నాకు వినిపించింది సారు గొంతే.

సారుకి హామ్ రేడియో లైసెన్సు, అంటే సరదా కోసం సొంతంగా రేడియోలో మాట్లాడుకునే అనుమతి, ఉండేది. మేడ మీద రెండు వెదురు బొంగుల మధ్య లాగి కట్టిన తీగ మీకు గుర్తుండే ఉంటుంది, దాని మీద చీర ఆరేశారని ఆయన ఇంట్లోవాళ్లతో ఒకసారి గొడవపడ్డారు కూడా. దసరా సెలవుల్లో మద్రాసు వెళ్లి రిచీ స్ట్రీట్‌లో తిరిగి ఒక ఎస్‌ఎల్ 100, నాలుగు బిసి 148 ట్రాన్సిస్టర్లు, ధనియపు గింజంత థర్మిస్టర్ ఒకటి తెచ్చారు. వేడి తగ్గితే థర్మిస్టర్ నిరోధం పెరుగుతుంది. దాన్ని రెండు ట్రాన్సిస్టర్ల మల్టీవైబ్రేటర్లో, అంటే కూత పుట్టించే చిన్న సర్క్యూట్లో, పెడితే చల్లబడినప్పుడు కూత కిందికి దిగుతుంది, వేడెక్కితే పైకి లేస్తుంది. ఆ కూతని 7 మెగాహెర్ట్జ్ దగ్గర పంపితే సిలోన్ వినే మామూలు రేడియోలోనే వినవచ్చు, 41 మీటర్ల బ్యాండుకి కొంచెం ఇవతలగా ముల్లు తిప్పితే చాలు.

ఇక్కడ సారు చేసిన పని ఈ రోజుకీ నాకు అద్భుతమే. ఫ్రీక్వెన్సీ కొలిచే మీటరు మన బడిలో ఎక్కడిది? ప్రార్థన హాల్లో హార్మోనియం తెప్పించారు. లోటాలో వేడినీళ్లు పోసి, పాలిథిన్ కాగితంలో చుట్టిన థర్మిస్టర్‌నీ జ్వరమానినీ అందులో ముంచి, నీళ్లు చల్లారుతుంటే కూత ఏ మెట్టుతో కలుస్తుందో మన ప్రార్థన అమ్మాయిని చెప్పమన్నారు. తను కళ్లు మూసుకుని వింటూ ఒక్కో మెట్టూ నొక్కేది. నేను లెక్కల పుస్తకం వెనక అట్ట దగ్గర రాసుకునేవాణ్ణి. మెట్టుకి మూడు డిగ్రీలు, కొంచెం అటూ ఇటూగా. ఆ సాయంత్రం హాల్లో వాసన కూడా నాకు గుర్తుంది: టంకం వేసేటప్పుడు వచ్చే రోజనం పొగ, తడిసిన పాలిథిన్, హార్మోనియం తిత్తి.

1980 కనుమ నాడు అందరం కాళంగి నది ఒడ్డుకి వెళ్లాం. వెదురు బద్దలకి సారు పాత పంచె గుడ్డ కుట్టిన గాలిపటం నా ఎత్తు ఉండేది. దాని కింద సబ్బు డబ్బాలో కూత పంపే సెట్టు, సెట్టు నుంచి 35 అడుగుల తీగ వేలాడుతూ ఉండేది. ఆ తీగే యాంటెనా. పైకి వదిలే ముందు సారు మోర్సు కీతో తన లైసెన్సు గుర్తు, కాల్‌సైన్ కొట్టారు. కీని మాత్రం మనలో ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు, లైసెన్సు ఆయనది. పొడుగోడు దారం పట్టుకున్నాడు. ఇసుక మీద దుప్పటి పరిచి రేడియో పెట్టాం. గాలిపటం లేచింది. కూత మెల్లగా, నిజంగానే, దిగడం మొదలుపెట్టింది. "సా నుంచి నిషాదానికి వచ్చేసింది సార్" అని ప్రార్థన అమ్మాయి అరిచింది. అంటే పైన మూడు డిగ్రీలు చల్లగా ఉందన్నమాట. అంత ఎత్తున ఉన్న గాలి చల్లదనాన్ని నేల మీద కూర్చుని చెవితో తాకాం.

తర్వాత దారం తెగింది. పొడుగోడి తప్పేమీ లేదు, ఇన్నేళ్ల తర్వాత అయినా అందరూ ఒప్పుకోవాలి. గాలిపటం తుమ్మచెట్ల అవతలికి వెళ్లి కనపడకుండా పోయింది. మేమంతా పరుగు తీయబోతుంటే సారు గట్టిగా అన్నారు: "రేయ్, కూర్చోండి! అది ఇంకా చెప్తా ఉంది, వినండి. గడియారం చూసి రాయి." రాశాను. కూత ఒక మెట్టు పైకి వచ్చింది, అంటే గాలిపటం కిందికి దిగుతోంది. కొంచెంసేపు అలాగే నిలబడింది. ఉన్నట్టుండి రెండు మెట్లు పడిపోయి, రెండు క్షణాలు గొణిగి, ఆగిపోయింది. దారం తెగి 38 సెకన్లు.

"ఇసుక మీద పడుంటే వేడెక్కాలి. చల్లబడింది. యాడ పడింది?"

మడుగులో పడిందని ముందు అన్నది గుండుగాడు. తుమ్మల్లో వెతకకుండా నేరుగా మడుగుకే పోయాం. సబ్బు డబ్బా మోకాలి లోతు నీళ్లలో దొరికింది.

ఆ జులై 18న, అదీ శుక్రవారమే, ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు సారు క్లాసులో ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంటరు, ఇంజినీరింగు, బెంగళూరు, పెళ్లి, ప్రయాణాలు ఇవన్నీ వదిలేస్తున్నాను. ఇప్పుడు నేనుండేది ఆరెగాన్‌లో. ఇక్కడ మనుషులు తమ కారు షెడ్డుల్లోనే రెండు సీట్ల విమానాలు కట్టుకుంటారు. అలా కట్టినదాన్ని మామూలుగా 25 నుంచి 40 గంటలు పరీక్షగా ఎగరేయాలి, ఆ గంటల్లో ప్రయాణికుల్ని ఎక్కించకూడదు. కొత్త విమానం, కొత్త ఇంజను, ఒక్కడే పైలట్, ఎదురుగా ఇరవై అంకెలు. ఆ టెన్షన్లో పక్కన ఇంకో జత కళ్లుంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఆ కళ్లని నేల మీద పెట్టాలన్నది నా ఆలోచన. ఇంజను మీటరు నుంచి ఒక సీరియల్ తీగ తీసుకుని, అరచేతిలో పట్టే పెట్టెలో లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరానికి అంకెలు పంపేది) పెట్టి, 915 మెగాహెర్ట్జ్ మీద సెకనుకోసారి కిందికి పంపుతాను. రేడియో ముక్క ఖరీదు ఇక్కడ ఒక పూట హోటలు భోజనమంత. యాంటెనా ఎనిమిది సెంటీమీటర్లు. సారు 35 అడుగుల తీగ చేసిన పనే ఇదీ చేస్తుంది.

ఆ అంకెలకి నేను శబ్దం కూడా కలిపాను. నాలుగు సిలిండర్లకి నాలుగు స్వరాలు. గ్లైడర్లు నడిపేవాళ్లకి పైకి లేస్తే కూసే మీటరు ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇక్కడ ఎవరూ వింతగా చూడలేదు. మా మిత్రుడి మొదటి ఎగురుడులో నాలుగో నిమిషానికి రెండో స్వరం శ్రుతి తప్పి పైకి పోయింది. తెర మీద చూస్తే ఆ సిలిండర్ వేడి 430 ఫారెన్‌హీట్. ఆ ఇంజనుకి గరిష్ఠ హద్దు 500, కానీ 400 దాటితేనే జాగ్రత్తపడాలి. "రెండో సిలిండర్, ముక్కు దించి వేగం పెంచు" అని చెప్పాను. అప్పటికి అతను రన్‌వే ఎటుందో చూసుకుంటున్నాడు. ముక్కు దించగానే గాలి ఎక్కువ తగిలి స్వరం మెల్లగా మిగతావాటితో కలిసింది. దిగాక కవరు విప్పి చూస్తే, గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకుల మధ్య వేలు పట్టేంత సందు. ఇప్పటికి పదకొండు విమానాల మొదటి ప్రయాణాల్లో ఆ పెట్టె వెళ్లివచ్చింది.

మా అమ్మాయి రాకెట్లు ఎగరేస్తుంది. దాని కోసం ఏడాదికోసారి నెవాడాలో బ్లాక్ రాక్ ఎడారికి వెళ్తాం. ఎండిన సరస్సు అది, ఎండాకాలంలో మన పులికాట్ ఎండినచోట పగిలే నేలే అక్కడా కనిపిస్తుంది. కార్బన్ ఫైబర్ గొట్టంలోంచి రేడియో బయటికి రాదు, అందుకని ముక్కు ఫైబర్ గ్లాస్‌ది పెట్టాం. ఒక మాట దారిలో పోతే మళ్లీ అడగడానికి వీల్లేదు కనుక రాకెట్టులోని రేడియో ప్రతి మాటతోపాటు దాని ముందు పది మాటలూ కలిపి పంపుతుంది. పీవీసీ పైపుకి స్టీలు టేపు ముక్కలు బిగించి నేనే చేసిన యాగీ యాంటెనా (తిప్పిన దిక్కు నుంచి వచ్చే సంకేతాన్ని బాగా పట్టేది) పట్టుకుని అమ్మాయి ఆకాశం వైపు నిలబడుతుంది. రాకెట్టు గుట్ట వెనక దిగగానే మాట ఆగుతుంది. చివర వచ్చిన అక్షాంశ రేఖాంశాలు రాసుకుని నడుస్తాం. కుర్రవాళ్లు ముందే పరిగెత్తబోతే అమ్మాయి ఆపుతుంది, "ఆగండి, అది ఇంకా చెప్తా ఉంది" అని. ఆ నెల్లూరు యాస తనకి నా దగ్గరినుంచే వచ్చింది.

డిసెంబరులో వస్తున్నాను, పెట్టె తెస్తాను. పొడుగోడా, దారం నువ్వే పట్టుకోవాలి. ప్రార్థన అమ్మాయి కూడా వస్తున్నదని లీడర్ చెప్పాడు. ఒక్క సంగతి. ఆ లెక్కల పుస్తకం టెన్త్ పరీక్షల ముందు నా దగ్గర ఎవరో తీసుకున్నారు, తిరిగి రాలేదు. ఎవరింట్లో అటక మీద ఉన్నా దయచేసి తీసుకురండి. గుర్తుపట్టడం కష్టం కాదు. వెనక అట్ట దగ్గర మెట్ల లెక్క ఉంటుంది, చివరి గడిలో 38 అని, దాని పక్కన సారు ఎర్రసిరా టిక్కు.