సగం బొట్టు

స్నానానికి కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకుంటే కుడి భుజం చురుక్కుమంది, ఎడమ భుజానికి ఏమీ తెలియలేదు. అద్దం ముందు కుంకుమ పెట్టుకుంటుంటే వేలు నుదుటి మీద సగమే ఆనినట్టుంది. నడుమ గీత గీసినట్టు ఒంట్లో ఎడమ సగం నాది కాకుండా పోయింది.

చెన్నై పెరంబూరులో మా వీధి చివరి నర్సింగ్ హోముకి అరగంటలో వెళ్లాం. డ్యూటీ డాక్టర్ చేతులెత్తమన్నాడు, ఎత్తాను. నవ్వమన్నాడు, నవ్వాను. "స్ట్రోక్ కాదమ్మా, టెన్షన్. గ్యాస్ కూడా ఉండొచ్చు" అని ఒక ఇంజెక్షన్ చేసి పంపేశాడు. స్ట్రోక్ అయితే రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. నాకది పనికొచ్చేదో లేదో, ఆ గంటలు మాత్రం ఇంట్లో వాము నీళ్లు తాగుతూ గడిపాను. తలుచుకుంటే ఇప్పటికీ కోపమే. బీపీ మాత్రలు రెండు నెలల క్రితం మానేసింది మాత్రం నేనే.

మర్నాడు పెద్దాసుపత్రి, ఎమ్మారై, ఐదు రోజుల వార్డు. మెదడు లోపల, ఒంటి ఎడమ పక్క స్పర్శ కబుర్లు చేరే కుడి థాలమస్‌లో చిన్న స్ట్రోక్ అన్నారు.

అసలు భయం ఆరో వారంలో పట్టుకుంది. ఏప్రిల్ ఉక్క. రాత్రి రెండింటికి ఫ్యాన్ గాలికే ఎడమ చెయ్యి కాలిపోతోంది. దుప్పటి అంచు తగిలితే బ్లేడు గీసినట్టుంది. చన్నీళ్లు పోసుకుంటే ఇంకా మంట. లైటు వేసి చూస్తే చర్మం కనీసం ఎర్రబడలేదు. మా ఆయన ఫ్యాన్ ఆపేసి, నన్ను ముట్టుకోవడానికి భయపడి, విసనకర్ర చేతిలో పట్టుకుని విసరకుండా తెల్లారేదాకా కూర్చున్నారు.

"చెయ్యి శుభ్రంగా ఉంది కదా వదినా, అంతా నీ మనసులోదే" అంది మా ఆడపడుచు.

చెయ్యి బాగానే ఉంది, కబురు మోసే చోట దెబ్బ తగిలిందన్నారు న్యూరాలజిస్టు. 1906లోనే పారిస్‌లో దెజెరీన్, రూసీ అనే డాక్టర్లు ఈ నొప్పి గురించి రాశారట. రైల్వేలో రిటైరైన మా ఆయన తన భాషలో చెప్పారు: "రేణిగుంట నుంచి వచ్చే బండి అరక్కోణం మీదుగానే కదా మనకు రావాలి. ఒంటి స్పర్శ, చూపు, వినికిడి అన్నీ అలా థాలమస్ మీదుగానే పైకి వెళ్తాయి. వాసన మాత్రం అరక్కోణం తగలని గూడూరు దారి బండి." అందుకేనేమో, ఆ రోజుల్లో కాఫీ వాసన మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. కదలికను సర్దే కబుర్లకూ అదే దారి. చూడకుండా పట్టుకుంటే గ్లాసు జారిపోయేది.

డిప్రెషన్‌కీ, ఇలాంటి నరాల నొప్పికీ వాడే ఎమిట్రిప్టిలిన్ రాశారు. మందుల షాపతను "డిప్రెషనా అమ్మా?" అని అందరి ముందూ అడిగాడు. నోరెండిపోయేది, కానీ నిద్రపట్టింది. ఆ డాక్టరమ్మకు రెండు చేతులా దణ్ణం. తిరుమల మొక్కు కూడా తీర్చుకున్నాను. ఎవరి పుణ్యం ఎంతో లెక్క వేయలేదు. మీరు మాత్రం బీపీ మాత్ర మానకండి. ఒక పక్క హఠాత్తుగా మొద్దుబారితే, చెయ్యి లేస్తున్నా సరే, స్కాన్ చేసే ఆసుపత్రికే వెళ్లండి.

ఎనిమిది నెలలైంది. నిన్న కాఫీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాను. వేడి తెలిసింది, కాస్త ఆలస్యంగా. రాత్రిళ్లు కప్పుకునేది ఇంకా పాత నూలు చీరే.