రాని వాళ్ళ లెక్క

"డాక్టరు గారూ, ఇకనుంచి మీ దగ్గర కూడా ఫ్రీయేనాండీ?"

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం యూనివర్సల్ హెల్త్ పాలసీకి ఒప్పుకుందని పేపర్లో వచ్చిన రెండు రోజులకి, బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక కౌలు రైతు అడిగిన మాట ఇది. ఇక అందరికీ బీమా ఉంటుందని, పేద కుటుంబాలకైతే ఏడాదికి 25 లక్షల దాకా వైద్యం అని ఆయన టీవీలో విన్నాడు.

"లేదండీ, అది ఆస్పత్రిలో చేరితేనే" అన్నాను.

ఆయన వంద రూపాయల నోటు బల్ల మీద పెట్టి, "అయితే మంచం ఎక్కేదాకా మీరూ మేమే పడాలన్నమాట" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో 1994 నుంచి క్లినిక్ నడుపుతున్నాను. ఒక గది, ఒక వరండా, ఒక కాంపౌండరు. పడకల్లేవు, ల్యాబు లేదు. చదివింది ఉట్టి ఎంబీబీఎస్. తాతకి వైద్యం చేశాను, ఇప్పుడు మనవడికి చేస్తున్నాను. ఎవరింట్లో ఎవరికి పెనిసిలిన్ పడదో, ఎవరు మందులు కొనుక్కుంటామని చెప్పి కొనుక్కోరో నోటికి చెప్పగలను. కాబట్టి 'అందరికీ వైద్యం' అనే మాట ఎప్పుడు విన్నా, మేం చేస్తున్నది అదే కదా అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి మా తమ్ముడి కొడుకు ఇంగ్లాండు నుంచి ఫోన్ చేశాడు. వాడక్కడ జీపీ, అంటే వాళ్ళ ఫ్యామిలీ డాక్టరు. 1948లో అక్కడ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సేవ, మొదలైనప్పుడు ఆస్పత్రులను ప్రభుత్వం తీసుకుంది గానీ ఈ జీపీలు మాత్రం ప్రభుత్వ ఉద్యోగులు కాలేదు. సొంత ప్రాక్టీసు పెట్టుకుని ప్రభుత్వంతో కాంట్రాక్టు కుదుర్చుకున్నారు. ఇప్పటికీ చాలా ప్రాక్టీసులు అలాగే నడుస్తున్నాయట. ఒక రకంగా నాలాంటి ప్రైవేటు వాళ్ళే. కౌలు రైతు మాట చెప్తే వాడు నవ్వి, "రేపు నిజంగానే ప్రభుత్వం వచ్చి మిమ్మల్ని కలుపుకుంటానంటే మీరు సిద్ధమేనా పెదనాన్నా?" అన్నాడు.

"ముప్పై ఏళ్ళ నుంచీ సిద్ధమే."

"సరే, మీ దగ్గర బీపీ పేషెంట్లు ఎంతమంది?"

"చాలామంది."

"చాలామంది అంటే?"

"బోలెడంతమంది రా!"

వాళ్ళకి ప్రతి ప్రాక్టీసుకీ పేరు నమోదు చేసుకున్న జనం జాబితా ఒకటి ఉంటుంది. 2004 నుంచి బీపీ, సుగరు, ఆస్తమా లాంటి జబ్బులకి రిజిస్టర్లు పెట్టి, ఎంతమందికి అదుపులో ఉందో చూపిస్తే దాన్నిబట్టి కూడా డబ్బులిస్తున్నారు. వాడు ఒక బటన్ నొక్కితే లెక్క వచ్చేస్తుంది. ఫోన్ పెట్టాక వాడి మీద కోపం వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చెప్పడం వైద్యమా అని మా ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ, "వాడు అడిగింది ఎంతమందనే కదా, దానికి జవాబు లేదా?" అంది.

ఆ సమయానికే క్లినిక్ రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గర పడింది. మా రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి క్లినిక్‌లన్నీ 2002 నాటి చట్టం కింద జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి, తర్వాత రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. 2022లో జిల్లాలు విడగొట్టే దాకా ఏలూరు వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు భీమవరం. నాలుగు రంగుల చెత్తడబ్బాలు ముందే ఉన్నాయి. దూదీ కట్లూ పసుపులో, ప్లాస్టిక్ ఎర్రదాంట్లో, సూదులు తెల్లదాంట్లో, గాజు సీసాలు నీలందాంట్లో. మా కాంపౌండరుకి నాకంటే బాగా తెలుసు. గోడ మీద ఫీజుల బోర్డు ఒక్కటే వెలిసిపోతే మళ్ళీ రాయించాను. ఈ కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు.

కష్టమైంది నా పేరు.

ఎలాగూ మొదలెట్టాం కదా అని ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో డాక్టర్ల రిజిస్ట్రీలోనూ, క్లినిక్‌ల రిజిస్ట్రీలోనూ పేరెక్కిద్దామని కూర్చున్నాను. 2021లో దేశమంతా మొదలైన ఈ పథకంలో డాక్టరుకొక ఐడీ, క్లినిక్‌కొక ఐడీ, పేషెంటుకు 14 అంకెల ఆభా నంబరు ఉంటాయి. ఆధార్‌తో లోపలికి వెళ్ళాను. ఆధార్‌లో మా ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర ఉంది. మెడికల్ కౌన్సిల్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, ఒక్క పొడి అక్షరం. పదో తరగతి సర్టిఫికెట్లో రెండు పొడి అక్షరాలు, ఎందుకంటే మా హెడ్మాస్టరు గారు మా నాన్న పేరు కూడా కలిపేశారు. తెలుగువాడికి పుట్టుకతో వచ్చే జబ్బు ఇది, మందు లేదు. ఇక యూనివర్సిటీ పేరు. నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో అది ఉట్టి హెల్త్ యూనివర్సిటీ. తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరుకి మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. నా పట్టాలో ఈ రెండు పేర్లూ లేవు. ముగ్గురూ నేనేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకుని, అన్నీ స్కాన్ చేయించి పెట్టి, ఐడీ వచ్చేసరికి దసరా, దీపావళి రెండూ అయిపోయాయి.

పేషెంట్లకి ఆభా నంబర్లు తీయించడం ఇంకో కథ. ఆధార్ అడగగానే ఒకావిడ చీర కొంగు బిగించి, "పింఛను ఏమైనా తీసేస్తారాండీ?" అంది. ఇంకొకాయన కార్డు ఇచ్చాడు గానీ ఓటీపీ కువైట్‌లో ఉన్న కొడుక్కి వెళ్ళింది. ఆ అబ్బాయి అక్కడ డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రం ఫోన్ చేసి నంబరు చెప్పేసరికి ఇక్కడ టైము దాటిపోయింది. మూడో రోజుకి గానీ పని అవలేదు. మా వైపు కనీసం ఇంటికొకరు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఫోన్ నంబర్లన్నీ వాళ్ళవే. నెల తిరిగేసరికి నలభై మందికి కూడా అవలేదు. ఇలా అయితే నా లెక్క నేను పోయాక తేలుతుందని, కాంపౌండరు చేత నాలుగు వందల పేజీల రూళ్ళ పుస్తకాలు రెండు తెప్పించాను.

మందుల చీటీలు పేషెంట్లే పట్టుకెళ్తారు. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి, పసుపు మరకలతో, మూడేళ్ళ క్రితం ఈసీజీతో సహా తెస్తారు. నా దగ్గర మిగిలేది ఏమీ ఉండదు. అప్పటి నుంచి ఎవరు బీపీకని వచ్చినా పేరు, వయసు, ఊరు, ఫోన్, బీపీ అంకె, ఇచ్చిన బిళ్ళ, మళ్ళీ ఎప్పుడు రావాలి అనేవి పుస్తకంలో ఎక్కించడం మొదలెట్టాం. అంతవరకు వచ్చినవాళ్ళని రాశాం. అసలు చిక్కు రానివాళ్ళతో. ఎదురుగా ఉన్న మందుల షాపాయన దగ్గర పాత బిల్లుల్లో నా చీటీల మీద వెళ్ళిన బీపీ మందులు వెతికించాం. కాంపౌండరూ నేనూ రాత్రుళ్ళు కూర్చుని వీధి వీధిగా గుర్తు చేసుకుని పేర్లు రాశాం. "రామాలయం పక్క సందు... మేడ ఇంటావిడ... వాళ్ళ తోడికోడలు" అంటూ.

ఇందులో ఒక్క విషయం మాత్రం నాకు పాత అలవాటే, టీబీ. ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి టీబీ కేసూ ప్రభుత్వానికి తెలియజేయాలని 2012లోనే ఉత్తర్వు వచ్చింది. ఆరేళ్ళు నేను పట్టించుకోలేదు. 2018లో తెలియజేయకపోతే శిక్ష అని గెజిట్ వచ్చాక భయంతోనే మొదలెట్టాను, దాచుకోవడానికేముంది. నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో ఎక్కిస్తే మాకు ఐదు వందలు, చికిత్స పూర్తయిందని రాస్తే ఇంకో ఐదు వందలు. పేషెంటుకు తిండికని నెలకి ఇచ్చే ఐదు వందలు 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. మందులు ఉచితం. ఒక పేషెంటు మధ్యలో మానేస్తే ఆరోగ్య సిబ్బంది వాళ్ళింటికి వెళ్ళి మళ్ళీ మొదలెట్టించారు. ఆశా కార్యకర్త ఇంటికొస్తే వీధిలో తెలిసిపోతుందని అతను మొదట నా మీద అలిగాడు గానీ, కోర్సు పూర్తి చేశాడు. ప్రైవేటు క్లినిక్కూ ప్రభుత్వమూ ఒకే పేషెంటుని కలిసి చూసుకోవడం నేను కళ్ళారా చూసింది అక్కడే. బీపీకి అలాంటిది లేదు.

జనవరి ఆఖరుకి లెక్క తేలింది. బీపీ పేషెంట్లు 412. అందులో గత రెండు నెలల్లో ఒక్కసారైనా వచ్చినవాళ్ళు 231. ఆఖరిసారి చూసినప్పుడు బీపీ అదుపులో, అంటే 140/90 లోపు ఉన్నవాళ్ళు 104.

ఆ కాగితం చాలాసేపు చూశాను. ఊళ్ళో అందరూ నాకు తెలుసని కదా అనుకున్నాను. నాకు తెలిసింది తలుపు తోసుకుని లోపలికొచ్చినవాళ్ళే. వరండా నిండా జనం ఉంటే ఊరంతా వచ్చినట్టే ఉండేది. మిగిలిన 181 మంది సంగతి ముప్పై ఏళ్ళలో ఒక్క పూటైనా నాకు తట్టలేదు. మా తమ్ముడి కొడుకుని నోరు మూయించడానికి మొదలెట్టిన పని, వాడికి ఫోన్ చేసి చెప్పడానికి వారం పట్టింది.

అప్పుడు ఫోన్లు మొదలెట్టాం. రోజుకి పది, మధ్యాహ్నం భోజనాలయ్యాక. కొందరు తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గర ఉండి అక్కడే చూపించుకుంటున్నారు, సంతోషం. కొందరు "తగ్గిపోయింది కదాండీ" అన్నారు. తలనొప్పి లేకపోతే బీపీ లేనట్టే మావాళ్ళకి. ఆ మాట వాళ్ళకి నేనెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు, క్యూ అంత పొడుగుంటే ఎలా చెప్తాను అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. ఒక ఇంట్లో ఫోన్ ఎత్తినావిడ, "ఆయన పోయి ఐదు నెలలైందండీ, పక్షవాతం వచ్చి. మీకు తెలియదా?" అంది. ఏం చెప్పాలో తెలియక, "బీపీ బిళ్ళ వేసుకునేవారా అమ్మా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

ఇంకొకాయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. పథకం కింద పైసా కట్టక్కర్లేదు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచీ ఇలాంటి పెద్ద జబ్బులకి మావైపు పేదవాళ్ళకి అదే దిక్కు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆయన నా దగ్గర మానేసింది చేతిలో డబ్బాడని రెండు నెలల్లో. వంద రూపాయల ఫీజూ, నెల బిళ్ళలూ మిగుల్చుకున్నాడు. ప్రభుత్వాసుపత్రిలో బీపీ బిళ్ళ ఉచితంగానే ఇస్తారు, నేనే చెప్పి పంపాల్సింది. మానేసినట్టు నాకు తెలిస్తే కదా. కౌలు రైతు చెప్పిన మంచం మాట నాకు అక్కడ గుర్తొచ్చింది. ఆస్పత్రి మంచానికి డబ్బులిచ్చే పథకాలున్నాయి. మంచం ఎక్కకుండా చూసినందుకు ఇచ్చే పద్ధతి నాలాంటి క్లినిక్‌ల దాకా రాలేదు. రేపు వచ్చినా చూపించడానికి నా దగ్గర ఏముందంటే, ఇప్పటికి ఈ రెండు రూళ్ళ పుస్తకాలు.

ఎక్కువమంది చెప్పిన కారణం మాత్రం నేను ఊహించనిది. డబ్బు కాదు, మతిమరుపు కాదు, టైము. మా చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులే. రాత్రంతా చెరువు గట్టు మీద కాపలా ఉండి, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుని, పొద్దున మేత వేసి ఇంటికొచ్చి పడుకుంటారు. నేను క్లినిక్ తీసేది తొమ్మిదింటికి, మూసేది ఒంటిగంటకి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ తీసేసరికి వాళ్ళు చెరువుకి బయల్దేరిపోతారు. ముప్పై ఏళ్ళుగా నా టైములు అవే, మార్చాలనే ఆలోచనే రాలేదు.

ఫిబ్రవరి నుంచి ఆదివారాలు పొద్దున ఆరింటికే తీస్తున్నాను, చెరువు కాపలా వాళ్ళ కోసం. మొదటి ఆదివారం ముగ్గురు వచ్చారు, మొన్న పద్నాలుగు మంది. గేటు దగ్గర మోటారు సైకిళ్ళ చప్పుడుకి తెల్లవారకుండానే మెలకువ వస్తోందని మా ఆవిడ గొణుగుతోంది. కాంపౌండరు అయితే ఆదివారం డబుల్ జీతం అడిగాడు, ఇచ్చాను.