షామియానా కింద కూర్చుని కొలిచిన స్పీడు

మా మేనల్లుడి పేరు బేస్‌బాల్ జిల్లా ప్రాబబుల్స్ లిస్టులో, అంటే జట్టుకి పరిశీలనలో ఉన్నవాళ్ళ జాబితాలో, వచ్చింది. అక్క ఫోన్లో ఏడ్చేసింది. సంతోషం నాకూ ఉంది, కానీ దాన్ని మించిన కోపం ఇంకా తగ్గలేదు. ఇదే కుర్రాడిని ఈ మధ్యనే ఇదే ఊళ్ళో "చేతిలో బలం లేదు" అని కాగితం మీద రాసి పంపించేశారు. ఆ తర్వాత వాడి చేతికి కొత్తగా వచ్చిన బలం ఏమీ లేదు. కొలిచినాయన ఎక్కడ కూర్చుని కొలిచాడన్నదే తేడా. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

వాడికి పద్నాలుగేళ్ళు. ఉండేది విశాఖలో గోపాలపట్నం. ఎడమ చేతి వాటం. స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడేవాడు, మన ఆంధ్రా బళ్ళలో అది మామూలే. లెఫ్ట్ ఫీల్డ్ చివర నుంచి వీడు విసిరిన బంతి నేల తాకకుండా నేరుగా క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) చేతుల్లో పడడం చూసి, వాళ్ళ పీఈటీ మాస్టారు "ఈ చెయ్యి బేస్‌బాల్‌కి పనికొస్తుందండీ, ఒకసారి చూపించండి" అన్నారు. సాఫ్ట్‌బాల్ బరువు 178 నుంచి 198 గ్రాములు ఉంటుంది. బేస్‌బాల్ 142 నుంచి 149. పెద్ద బంతికి అలవాటు పడ్డ చేతికి చిన్న బంతి ఇచ్చేసరికి వాడి మొహం వెలిగిపోయింది.

బావ షిప్‌లో ఉంటాడు, కాబట్టి తిప్పే పని నాది. కాగితాలు తేలిగ్గానే అయిపోయాయి: పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు. ఆధార్‌లోనూ స్కూలు రికార్డులోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. గ్లోవ్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. ఎడమ చేత్తో విసిరేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గ్లోవ్ మీద "లెఫ్ట్ హ్యాండ్ త్రో" అని ఉంటే అది కుడి చేతికి తొడుక్కునేది. కొట్టువాడు ఇంకోలా చెప్పినా నమ్మకండి.

ఇక సెలెక్షన్ సంగతి. ఎవరు పెట్టారన్నది చెప్పను. మధురవాడ వైపు ఒక గ్రౌండులో, మనిషికింత అని ఫీజు తీసుకుని మరీ పెట్టారు. ఏం చూస్తారో ముందే చదువుకుని వెళ్ళాను. బేస్‌బాల్‌లో కుర్రాణ్ణి ఐదు విషయాల్లో తూకం వేస్తారు: బ్యాటుతో తగిలించడం, దూరం కొట్టడం, పరుగు, ఫీల్డింగ్, విసురు. పిచర్‌కి, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడికి, విసురే ప్రాణం. పరుగుకి 60 గజాలు పెడతారు, అంటే 54.86 మీటర్లు. అక్కడే మొదటి తేడా కనబడింది. ఒకాయన పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళి సున్నంతో గీత గీసేశాడు. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. టీ టైములో పట్టి చూస్తే 57 మీటర్లు దాటింది. పద్నాలుగేళ్ళ పిల్లాడికి అది పావు సెకండుకి పైమాట. అక్కడ పావు సెకండుకే పిల్లల్ని అటూ ఇటూ తేల్చేస్తున్నారు. పరుగులో అందరూ అదే గీత దాకా పరిగెత్తారు కాబట్టి నోరు మూసుకున్నాను.

బంతి వేగం కొలిచే స్పీడ్ గన్ దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను.

పిల్లల్ని రెండు బ్యాచ్‌లు చేశారు. మొదటి బ్యాచ్‌కి గన్ను పట్టుకున్నాయన క్యాచర్ వెనక, నెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. అది సరైన చోటు, బంతి నేరుగా గన్ను మీదకే వస్తుంది. పది దాటేసరికి మన విశాఖ ఎండ సంగతి మీకు తెలిసిందే, ఉక్కపోతకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఆయన కుర్చీ లాక్కుని పక్కనున్న షామియానా కిందకి వెళ్ళిపోయాడు. ఫ్యాను తన వైపు తిప్పుకుని, ఒక చేత్తో మజ్జిగ ప్యాకెట్టు, ఇంకో చేత్తో గన్ను. మావాడు రెండో బ్యాచ్.

నేను సర్వేయర్‌ని. ఐటీఐ అయ్యాక చైను లాగే కుర్రాడిగా మొదలుపెట్టి, దూరం, కోణం రెండూ కొలిచే టోటల్ స్టేషన్ దాకా వచ్చినవాణ్ణి. అనకాపల్లి నుంచి భోగాపురం దాకా రోడ్లకీ లేఅవుట్లకీ నేను పాతించిన పెగ్గులున్నాయి, ఒక్కటి తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. కొండ వాలు మీద టేపు పరిచి కొలిచిన దూరం ప్లాను మీద అంత రాదు, కోణాన్ని బట్టి తగ్గుతుంది. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. స్పీడ్ గన్‌దీ అదే లెక్క. అది పంపిన తరంగం బంతికి తగిలి తిరిగొస్తుంది, వచ్చేటప్పటికి దాని ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి వేగం చెబుతుంది. గన్ను వైపు ఎంత వేగంగా వస్తోందన్నదే దానికి తెలుస్తుంది. పక్కనుంచి పడితే అసలు వేగంలో కొంత దానికి కనబడనే కనబడదు. కోణం 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర పోతుంది. 20 అయితే 6. 30 అయితే 13కి పైనే.

పిచర్ కాలు ఆనించే పలక నుంచి బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. ఆ షామియానా హోమ్ ప్లేట్‌కి పక్కగా పది, పదకొండు మీటర్ల దూరంలో ఉంది. లెక్క కట్టుకోండి, ఇంచుమించు 30 డిగ్రీలు.

మావాడు విసిరాడు. 94. మళ్ళీ 93. తర్వాత 95. గంటకి 105 కిలోమీటర్లు దాటినవాళ్ళకే తర్వాతి రౌండ్ అని పొద్దున్నే చెప్పి ఉన్నారు. మొదటి బ్యాచ్‌లో వీడి కంటే మెల్లగా విసిరినవాళ్ళకి 106, 107 వచ్చాయి. అది అక్కడ నిలబడ్డ తండ్రులందరికీ కంటికి కనబడుతూనే ఉంది. క్యాచర్ గ్లోవ్‌లో పడ్డ చప్పుడే చెబుతుంది.

నేను వెళ్ళి చాలా మర్యాదగానే అడిగాను. "సార్, గన్ను బంతి దారిలో లేదండీ. పక్కనుంచి పడితే తక్కువ చూపిస్తుంది. ఇందాకటిలా క్యాచర్ వెనక్కి వస్తే బాగుంటుంది."

ఆయన తల కూడా ఎత్తలేదు. "ఏటండీ బాబూ, మెషీనుకి దారేటి? ఎటు పట్టినా చూపిస్తాది."

"లేదు సార్, కోణాన్ని బట్టి..."

"మీరేటి చేస్తుంటారు?"

"సర్వే పనండీ."

"అయితే ఎల్లి ప్లాట్లు కొలుచుకోండి. ఇక్కడ గేమ్ జరుగుతోంది."

చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. నవ్వింది నన్ను చూసి అయితే దులుపుకుని వచ్చేసేవాణ్ణి. మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద నిలబడ్డ పిల్లాడికి అంతా వినబడింది. వాడు బంతి రెండు చేతుల్లో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆయన అంతటితో ఆగకుండా వాడి వైపు తిరిగి, "మీ మావయ్య ఇలాగే మాటాడితే నీ పేరు కొట్టేస్తాను, నీ ఇష్టం" అన్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడితో అనే మాటా అది? ఆ తర్వాత వేసిన బంతులు ఎటు పోయాయో చెప్పక్కర్లేదు.

చివర్లో ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో "విసురు: 30". 20 నుంచి 80 దాకా వేసే ఈ మార్కులు అమెరికాలో స్కౌట్లు, అంటే ఆటగాళ్ళని వెతికి అంచనా వేసేవాళ్ళు, వాడేవి. అందులో 50 అంటే అక్కడి అతి పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ ఆటగాడి సగటు అని అర్థం. అక్కడ ఫాస్ట్‌బాల్ (పిచర్ పూర్తి వేగంతో విసిరే బంతి) సగటు గంటకి 150 కిలోమీటర్ల పైమాటే. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఇవాళ్టి లెక్కన 20, 30 రావడం ఎక్కడైనా సహజం. అందుకే నిజమైన స్కౌట్లు పక్కపక్కన రెండు అంకెలు వేస్తారు, ఒకటి ఇవాళ్టిది, ఇంకోటి ఎదిగాక ఎంతవాడవుతాడన్నది. రెండో అంకె వెయ్యడానికే స్కౌట్ కావాలి. మొదటిది వెయ్యడానికి గన్ను చాలు, అది కూడా సరిగ్గా పట్టుకుంటే. వీళ్ళు ఒక్క అంకె వేసి, దాని పక్కన "బలం లేదు" అని రాసి, ఫీజు రసీదుతో కలిపి పిన్ను కొట్టి ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు మద్దిలపాలెం దాకా మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, నువ్వు అడక్కుండా ఉంటే తీసుకునేవాళ్ళా?" అన్నాడు. నాకు గుండెల్లో పొడిచినట్టయింది. కాగితం వెనక బొమ్మ గీశాను. పిచర్, క్యాచర్, షామియానా, మధ్యలో కోణం. 94ని 0.866తో భాగించి వాడి చేతే లెక్క చేయించాను. నూట ఎనిమిదిన్నర వచ్చింది. "నీ బంతి వెళ్ళింది ఇంత. వాళ్ళకి కనబడింది అంత" అన్నాను. ఎన్‌ఏడీ జంక్షన్ వచ్చేలోపు వాడు ఆ లెక్క రెండుసార్లు చేశాడు.

మన దేశం నుంచి 2008లో ఇద్దరు కుర్రాళ్ళు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఉత్తరప్రదేశ్ వాళ్ళు, జావెలిన్ విసిరేవాళ్ళు, 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే పోటీలో బయటపడ్డారు. అంతకుముందు బేస్‌బాల్ పట్టుకున్నవాళ్ళు కారు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళని జల్లెడ పట్టింది కూడా స్పీడ్ గన్నే. ఆ రోజు ఆ గన్ను షామియానా కింద ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పల్లెల్లో ఎంతమంది పిల్లల చేతులు ఇలా ఒక కుర్చీ, ఒక ఫ్యాను కారణంగా మట్టిలో కలిసిపోతున్నాయో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. డబ్బులు కట్టలేనివాడు రెండోసారి రాడు కదా.

పీఈటీ మాస్టారు మంచివారు. ఆయనే ఒక డిగ్రీ కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి దగ్గరకి పంపించారు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో బేస్‌బాల్ ఉంది, ఆయన ఆ పిల్లల్ని చూస్తుంటారు. జరిగింది చెబితే నవ్వలేదు. "టేపు తెచ్చారా? అయితే గ్రౌండు మీరే గుర్తులు పెట్టండి" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత రుణపడ్డానో.

తెల్లారకముందే వెళ్ళి 18.44 మీటర్లకి పెగ్గులు కొట్టాను. 54.86కి గీత గీశాను. బంతిని కూడా దారిలో కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను, 145 గ్రాములు. గన్ను క్యాచర్ వెనక నెట్టు అవతల, బంతి దారికి సూటిగా. చేతిలోంచి వదిలినప్పటి అంకె వేరు, క్యాచర్‌కి చేరేసరికి అంకె వేరు, దారిలో గాలికి ఇంచుమించు పదో వంతు పడిపోతుంది. రాసుకోవాల్సింది వదిలినప్పటిది. ఇది పీడీ గారికి నేను చెప్పక్కర్లేకపోయింది.

108. 109. 108. వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

ఆయన అక్కడితో వదల్లేదు. రెండు కర్రల మధ్య తాళ్ళు కట్టి స్ట్రైక్ జోన్, అంటే పిచర్ బంతి పడాల్సిన చట్రం, చేశారు, వెడల్పు ప్లేట్ అంతే, 43 సెంటీమీటర్లు. ఎన్ని లోపల పడుతున్నాయో లెక్క పెట్టారు. సగమే పడ్డాయి, అది నేర్పవచ్చు అన్నారు. వాడి మణికట్టు పట్టుకు చూశారు, చెప్పుల సైజు అడిగారు, అక్కా బావల ఎత్తు అడిగారు. ఇంకా ఎంత ఎదుగుతాడన్నది అంచనా వెయ్యడానికట. రెండు గళ్ళు గీసి రెండు అంకెలు వేశారు. రెండో గడిలో వేసిన అంకె ఇక్కడ రాయను, పిల్లాడికి తల తిరగకూడదు.

విసిరించేవాళ్ళకి ఒక్కమాట. 13, 14 ఏళ్ళ పిల్లాడి చేత రోజుకి 95 పిచ్‌లకి (పిచర్ విసిరే బంతులకి) మించి వేయించకూడదని అమెరికాలో మేజర్ లీగ్ వాళ్ళే డాక్టర్లతో కూర్చుని సూచన ఇచ్చారు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి. ఆ మధురవాడ గ్రౌండులో వార్మప్ కూడా లేకుండా వేయించారు. మోచెయ్యి పోతే తెచ్చివ్వగలరా? క్యాంపులో లెక్క ఎవరు రాస్తారని ముందే అడగండి. ఎవరూ రాయరంటే మీరే నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి, ఎవరేమనుకున్నా సరే.

మొదటి సెలెక్షన్ పెట్టినవాళ్ళకి కొలతలతో, బొమ్మతో సహా ఉత్తరం ఇచ్చాను, ఆ రెండో బ్యాచ్ మొత్తాన్ని మళ్ళీ పిలిచి చూడమని. జవాబు లేదు. ఆ బ్యాచ్‌లో ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదివితే, ఇచ్చిన కాగితం చింపెయ్యకండి. మీవాణ్ణి తీసుకుని మీ స్కూలు పీఈటీ గారి ద్వారా రండి, మా పీడీ గారు ఆదివారం పొద్దున్న గ్రౌండు ఇస్తామన్నారు. పెగ్గులు కొట్టే పని నేను చూసుకుంటాను. క్యాచర్ మాస్కు ఒక్కటే ఉంది, ఇంకోటి ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి.